పేరు చివర అంకె ఊరికే పెట్టలేదు

ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలు ఏదో ఒక రోజు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. "సార్, డెబియన్‌లో లైబ్రరీ ప్యాకేజీల పేర్లు ఇంత వంకరగా ఉంటాయేంటి? లిబ్‌పీఎన్‌జీ16-16 అట, జెడ్‌లిబ్1జీ అట, లిబ్‌కర్ల్4టీ64 అట. శుభ్రంగా లిబ్‌పీఎన్‌జీ, జెడ్‌లిబ్, లిబ్‌కర్ల్ అంటే పోలా?"

పోదు నాయనా. మా రోజుల్లో ఈ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ఆ అంకె లేకపోతే మిషన్ ఏ గతి పడుతుందో అందరం కళ్లారా చూసినవాళ్లమే. ఇప్పటివాళ్లకు ఆ గతి కనబడదు. పాతికేళ్లకు పైగా ఎంతోమంది మెయింటెయినర్లు జీతం భత్యం లేకుండా కాపలా కాశారు కాబట్టి కనబడదు. కనబడని ప్రమాదం లేనట్టే అనుకుని, ఇప్పుడు ఆ కాపలానే దండగంటున్నారు. నా బాధంతా అదే.

ముందు ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. పీఎన్‌జీ బొమ్మలు తెరిచే ప్రోగ్రాం ఒకటి తీసుకుని, రీడెల్ఫ్ కమాండుకు మైనస్ డీ తగిలించి దాని మీద నడపండి. నీడెడ్ అని ఉన్న వరసల్లో లిబ్‌పీఎన్‌జీ16.ఎస్ఓ.16 అని కనిపిస్తుంది. ఆ ప్రోగ్రాంను తయారుచేసిన రోజున లింకర్ లైబ్రరీ ఫైలు తెరిచి, అందులో రాసి ఉన్న సోనేమ్ అనే పేరును చదివి, దాన్ని తెచ్చి ప్రోగ్రాంలో రాసిపెట్టింది. ఇక ఆ ప్రోగ్రాం ఉన్నంతకాలం ఆ పేరే అడుగుతుంది. లోడర్ ఆ పేరుతోనే వెతుకుతుంది. దొరక్కపోతే ప్రోగ్రాం లేవదు.

ఇప్పుడు డిస్కు మీద చూడండి, ఆ లైబ్రరీకి మూడు పేర్లుంటాయి. 2023 నాటి డెబియన్ బుక్‌వర్మ్‌లో అసలు ఫైలు లిబ్‌పీఎన్‌జీ16.ఎస్ఓ.16.39.0. దానికి ఒక లింకు, ఎస్ఓ.16 దగ్గర ఆగేది. ప్రోగ్రాములు నడవడానికి కావలసింది ఇదే. ఇంకో లింకు, చివర ఏ అంకే లేకుండా ఎస్ఓ అని మాత్రమే ఉండేది. అది కంపైల్ చేసుకునేవాళ్లకు. మొదటి రెండూ లిబ్‌పీఎన్‌జీ16-16 ప్యాకేజీలో వస్తాయి. మూడోది హెడర్ ఫైళ్లతో కలిసి డెవ్ ప్యాకేజీలో వస్తుంది. అంత పట్టింపుగా విడదీయడానికి కారణముంది. రేపు సోనేమ్ 17 అయిందనుకోండి, ప్యాకేజీ పేరూ మారుతుంది. పాతదీ కొత్తదీ ఒకే మిషన్ మీద పక్కపక్కనే కాపురముంటాయి. పాత ప్రోగ్రాములు పాతదాంతో నడుస్తాయి, కొత్తవి కొత్తదాంతో. అంకె లేని పేరైతే కొత్తది ఎక్కగానే పాతది దిగిపోతుంది. దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా కూలబడతాయి.

అంటే ఆ అంకె లైబ్రరీ రాసినవాడు ముక్కూమొహం తెలియనివాళ్లకు ఇచ్చే హామీ. "ఈ అంకె మారనంతవరకు నువ్వు పిలిచే ఫంక్షన్లు ఇలాగే ఉంటాయి, వాటికిచ్చే డేటా ఇదే కొలతలో ఉంటుంది, నీ ప్రోగ్రాంను మళ్లీ కంపైల్ చేసుకోనక్కర్లేదు" అని. డిస్ట్రిబ్యూషన్ ఆ హామీని ఫైలు లోపలనుంచి బయటికి తీసి, ప్యాకేజీ పేరులో అందరికీ కనబడేలా పెట్టింది. చేసింది అంతే. కానీ అది చాలా పెద్ద పని.

మేం మొదలుపెట్టిన రోజుల్లో లైనక్స్ పత్రికతోపాటు వచ్చే సీడీల్లో దొరికేది. పీసీక్వెస్ట్ ఇచ్చిన సీడీతో మొదటిసారి లైనక్స్ ఎక్కించుకున్నవాళ్లు నా ఈడువాళ్లలో చాలామందే ఉంటారు. అంతకుముందు ఏ.అవుట్ ఫార్మాట్ కాలంలో ఒక్కో షేర్డ్ లైబ్రరీకి మెమరీలో ఫలానా అడ్రసు అని ముందుగానే కేటాయించాల్సి వచ్చేది. 1996 జూన్‌లో డెబియన్ 1.1, బజ్ అని పిలిచేది, ఈఎల్‌ఎఫ్‌కు మారింది. ఊపిరి పీల్చుకునేలోపే సీ లైబ్రరీ మార్పు నెత్తిన పడింది.

లిబ్‌సీ5 నుంచి లిబ్‌సీ6కు మారడమంటే ఏంటో ఇప్పటివాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. ఒక ప్రోగ్రాం లిబ్‌సీ5 అడుగుతుంది. అది వాడే రీడ్‌లైన్ లైబ్రరీని మాత్రం ఎవరో లిబ్‌సీ6తో కట్టి ఉంటారు. ఒకే ప్రోసెస్‌లోకి రెండు సీ లైబ్రరీలు దిగి కొట్టుకుంటాయి. రీడ్‌లైన్ సోనేమ్ చూస్తే రెండు కట్టుబడుల్లోనూ ఒకటే! అప్పుడు డెబియన్ వాళ్లు ఏం చేశారు? లిబ్‌సీ6తో కట్టిన లైబ్రరీల పేర్లకు జీ అనే అక్షరం తగిలించారు. జీ అంటే గ్లిబ్‌సీ. లిబ్‌రీడ్‌లైన్‌జీ2, జెడ్‌లిబ్1జీ అలా వచ్చినవే. పాతవాటిని లిబ్‌సీ5-కంపాట్ అని వేరే డైరెక్టరీలోకి జరిపారు. 1998 జులైలో డెబియన్ హామ్ విడుదలయ్యేసరికి, పాత మిషన్‌ను ఆపకుండా ఒక్కో ప్యాకేజీ మార్చుకుంటూ కొత్త లిబ్‌సీలోకి వెళ్లగలిగాం. ఇవాళ మీ మిషన్‌లో జెడ్‌లిబ్1జీ చివర ఉన్న ఆ జీ అప్పటిది. దాన్ని వికారం అనకండి. దాని పుణ్యాన ఎన్ని సర్వర్లు ఆగకుండా నడిచాయో!

ఇప్పుడు వెర్షన్ సంగతి. పేరులో అంకె వేరు, ప్యాకేజీ వెర్షన్ వేరు. చదువుకున్నవాళ్లు కూడా ఈ రెండూ కలిపేసి మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. 2014 ఏప్రిల్ గుర్తుందా? ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో బయటపడ్డ లోపం, హార్ట్‌బ్లీడ్. డెబియన్ వీజీలో ఉన్న ప్యాకేజీ పేరు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.0.0. అందులో ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మాత్రం 1.0.1ఈ. పేరు 1.0.0, సరుకు 1.0.1ఈ, ఇదేం లెక్క అని చాలామంది తికమకపడ్డారు. లెక్క సరిగ్గానే ఉంది. బయటి ప్రోగ్రాములకిచ్చిన హామీ 1.0.0 నాటిది, అది మారలేదు. లోపలి కోడ్ ముందుకు వెళ్లింది. మరమ్మతు చేసిన ప్యాకేజీ వచ్చింది, వెర్షన్ చివర డెబ్7యూ5 అని. ఆ ఒక్క ప్యాకేజీ మార్చి, దాన్ని వాడే సర్వీసులు ఆపి లేపితే చాలు. వెబ్ సర్వరు, మెయిల్ సర్వరు, డేటాబేసు, అన్నీ ఒకేసారి బాగుపడ్డాయి. ఒక్క ప్రోగ్రాంనూ మళ్లీ కంపైల్ చేయలేదు.

అదే వారంలో ఒక సంస్థ అమ్మిన సాఫ్ట్‌వేర్‌తో మేం పడ్డ తిప్పలు కూడా చెప్పాలి. వాళ్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను తమ డైరెక్టరీలోనే పెట్టుకుని ఇచ్చారు. మేం సిస్టం లైబ్రరీ మార్చినా ఆ సాఫ్ట్‌వేర్ మారలేదు. వాళ్లు కొత్తది పంపేదాకా ఆ సర్వీసు పోర్టు మూసి కూర్చున్నాం. తాళం మా ఇంటిదే, చెవి మాత్రం వాళ్ల దగ్గర.

ఇది కొత్త పాఠమేం కాదు. 2002 మార్చిలో జెడ్‌లిబ్‌లో ఒకే మెమరీని రెండుసార్లు విడిచిపెట్టే లోపం బయటపడింది. షేర్డ్ లైబ్రరీ వాడిన ప్రోగ్రాములన్నీ ఒక్క అప్‌డేట్‌తో గట్టెక్కాయి. కానీ జెడ్‌లిబ్ కోడ్‌ను కాపీ చేసి కడుపులో పెట్టుకున్న ప్రోగ్రాములు చాలా ఉన్నాయని అప్పుడే తేలింది. వాటిని ఒక్కొక్కటే వెతికి, ఒక్కొక్కటే సరిచేయాల్సి వచ్చింది. లైబ్రరీ కాపీలను లోపల దాచుకోవద్దని డెబియన్ పాలసీ అంత గట్టిగా చెప్తోందంటే ఇలాంటివి చూసే.

మరి ఇప్పుడో? ఎవరికి వారే యమునా తీరే. పైథాన్ వీల్ ఒకటి విప్పి చూడండి. లోపల పక్కన ఒక డైరెక్టరీ, అందులో ఎవరో ఎక్కడో కట్టిన లైబ్రరీ ఫైళ్లు. పేరు మధ్యలో గజిబిజిగా అక్షరాలూ అంకెలూ. మరో కాపీతో తగూ రాకుండా కావాలనే అలా మారుస్తారు. అది ఏ హామీనీ చెప్పదు. దాంట్లో ఉన్నది ఏ వెర్షనో, ఫలానా లోపానికి మరమ్మతు పడిందో లేదో పేరు చూసి చెప్పలేం. గో, రస్ట్ భాషల సంగతి ఇంకో రకం. అక్కడ లైబ్రరీలన్నీ ప్రోగ్రాంలోనే కలిసిపోతాయి. ఒక చిన్న లైబ్రరీలో లోపం దొరికితే దాన్ని వాడిన ప్రతి ప్రోగ్రాంనూ మళ్లీ కట్టాలి. ఇది నా సణుగుడు కాదు. గో, రస్ట్ ప్యాకేజీలకు భద్రతా మరమ్మతులు పరిమితంగానే అందుతాయని, స్టాటిక్ లింకింగ్ వల్ల మళ్లీ కట్టడం తమకు భారంగా ఉందని డెబియన్ వాళ్లే బుల్స్‌ఐ, బుక్‌వర్మ్ విడుదల పత్రాల్లో రాసుకున్నారు. కంటెయినర్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఒక సర్వరు మీద ఇరవై కంటెయినర్లుంటే ఇరవై లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్‌లు. ఏది ఎప్పటిదో అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

"డిస్కు చవక, మెమరీ చవక, ఇంకా ఈ పొదుపు ఎందుకు సార్" అంటారు. ఎవరన్నారు పొదుపు కోసమని? డయలప్ రోజుల్లో పొదుపూ కలిసొచ్చింది, నిజమే. కానీ అసలు సంగతి మరమ్మతు. లోపం ఒకచోట ఉంటే ఒకచోట బాగుచేస్తాం. నూరు చోట్ల ఉంటే ఎవరు చేస్తారు? తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు పంచుకుని, చివరికి ఎవరూ చేయరు.

ఇంకో కొత్త అలవాటు చూస్తే నాకు ప్రాణం విసిగిపోతుంది. బుక్‌వర్మ్‌లో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 మాత్రమే ఉంది. పాత ప్రోగ్రాం ఒకటి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ.1.1 కావాలంటుంది. కుర్రాడు ఏం చేస్తాడు? ఎల్ఎన్ మైనస్ ఎస్ కొట్టి, 3కు 1.1 అని పేరు తగిలిస్తాడు. సోనేమ్ అడిగింది పాత హామీని, వీడు చూపించింది కొత్త ఫైలును. అదృష్టం కొద్దీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఒక్కో సింబల్‌కూ వెర్షన్ ముద్ర ఉంటుంది కాబట్టి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 దొరకలేదని లోడరే మొహం మీద చెప్పేస్తుంది. ఆ ముద్రల్లేని లైబ్రరీ అయితే ప్రోగ్రాం లేస్తుంది, నడుస్తున్నట్టే ఉంటుంది, ఏ అర్ధరాత్రో డేటాను పాడుచేస్తుంది. లింకు కాదంటే ఎక్కడిదో పాత డెబ్ ఫైలు తెచ్చి ఎక్కిస్తారు. 1.1.1కు 2023 సెప్టెంబరులోనే మద్దతు ముగిసింది. డబ్బు కట్టి మద్దతు కొనుక్కున్నవాళ్లకు తప్ప దానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు మరమ్మతులు ఇవ్వరు. లోపాలున్న తాళం తెచ్చి తలుపుకు వేసి, తాళం వేశాంగా అనుకోవడమే.

రెడ్‌హ్యాట్ వాళ్ల దారి వేరు. ప్యాకేజీ పేరు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-లిబ్స్ అనే ఉంటుంది. కానీ లోపల ఆర్‌పీఎం ప్రతి ప్రోగ్రాంనూ చదివి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ.3 కావాలని రాసుకుంటుంది. పాతది కావాలంటే కంపాట్ అనే పేరుతో వేరే ప్యాకేజీ ఇస్తారు. చోటు మారింది గానీ హామీ అదే. ఏ దారైనా నాకు సమ్మతమే. హామీనే తీసి పారేయడానికి మాత్రం ఒప్పుకోను.

హామీ నిలబెట్టడమెలాగో తెలియాలంటే కర్ల్‌ను చూడండి. 2006 అక్టోబరులో 7.16.0 విడుదలతో సోనేమ్‌ను 4 చేశారు. ఆ తర్వాత ఎన్ని విడుదలలు, ఎన్ని ప్రోటోకాల్స్! 7 పోయి 8 వచ్చింది. సోనేమ్ ఇప్పటికీ 4. డేనియల్ స్టెన్‌బెర్గ్ బృందం కొత్తవి చేరుస్తూనే పోయింది, పాతవాటిని చెడగొట్టలేదు. గ్లిబ్‌సీ అంతకంటే పెద్ద ఉదాహరణ. 1997 నుంచి అది లిబ్‌సీ.ఎస్ఓ.6. అందులోని మెమ్‌సీపీవై అనే ఫంక్షన్ కథ వినండి. వేగం కోసం దాని లోపలి పద్ధతి మారిస్తే, దాన్ని తప్పుగా పిలిచే పాత ప్రోగ్రాములు కొన్ని చెడిపోయాయి. 2010లో ఫెడోరా 14లో ఫ్లాష్ ప్లేయర్ శబ్దం గరగరలాడింది. తప్పు వాడినవాడిదే. అయినా 2011లో వచ్చిన గ్లిబ్‌సీ 2.14లో కొత్త పద్ధతికి గ్లిబ్‌సీ_2.14 అని వేరే ముద్ర వేసి, 64 బిట్ల మిషన్లలో పాత ప్రోగ్రాములు పాత ముద్రతో భద్రంగా నడిచేలా చూశారు. పరాయివాడి తప్పును కూడా భరించి హామీ కాపాడిన తీరు అది.

ఇక ఇప్పటి లైబ్రరీలు. కొందరు సోనేమ్ సున్నా దగ్గర పెట్టి, లోపల ఎంత మార్చినా సున్నాగానే ఉంచుతారు. కొందరు విడుదలైన ప్రతిసారీ ప్రాజెక్టు వెర్షన్‌నే సోనేమ్‌గా పెడతారు. చిన్న అక్షరదోషం దిద్దినా అందరూ ప్రోగ్రాములు మళ్లీ కట్టుకోవాలి. లైబ్రరీలు కట్టే పనిముట్టు లిబ్‌టూల్‌లో మూడు అంకెలుంటాయి, కరెంట్, రివిజన్, ఏజ్ అని. కోడ్ దిద్దితే రివిజన్ పెంచు. ఫంక్షన్లు కొత్తగా చేరిస్తే కరెంట్, ఏజ్ రెండూ పెంచి రివిజన్ సున్నా చెయ్యి. తీసేసినా మార్చినా కరెంట్ పెంచి, మిగతా రెండూ సున్నా చెయ్యి. లైనక్స్‌లో కరెంట్ లోంచి ఏజ్ తీసేస్తే వచ్చేదే సోనేమ్ అంకె. ఇంతే! పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యే ఈ లెక్కను చదివే ఓపిక లేక, ఆ మూడు చోట్లా ప్రాజెక్టు వెర్షన్ దింపేస్తారు.

రాసినవాడు అంకె మార్చకపోతే భారం డిస్ట్రిబ్యూషన్ మీద పడుతుంది. హార్ఫ్‌బజ్ చూడండి. మన తెలుగు ఒత్తులు, గుణింతాలు లైనక్స్ తెర మీద సరిగ్గా కూర్చునేది దాని చలవే. దాని సోనేమ్ చివర సున్నా. డెబియన్ ప్యాకేజీ పేరు మాత్రం లిబ్‌హార్ఫ్‌బజ్0, తర్వాత 0ఏ, ఆపైన 0బీ. పైన అంకె కదల్లేదు, కిందివాళ్లు అక్షరాలు తగిలించి నెట్టుకొచ్చారు. పొలం పంపకాలప్పుడు సర్వే నంబరు 112ను 112/ఏ, 112/బీ చేసినట్టు. పాత దస్తావేజు పట్టుకొచ్చినవాడు ఏ ముక్క తనదో తేల్చుకోగలగాలి కదా!

ఆ సంప్రదాయం ఇంకా బతికే ఉందని 2024లో చూసి నాకు నిజంగా గర్వమేసింది. 32 బిట్ల మిషన్లలో కాలాన్ని లెక్కపెట్టే టైమ్_టీ 2038 జనవరి 19తో నిండిపోతుంది. దాన్ని 64 బిట్లు చేయాలి. చేస్తే కాలాన్ని ఇచ్చిపుచ్చుకునే ప్రతి లైబ్రరీకీ డేటా కొలత మారుతుంది. సోనేమ్‌లు మాత్రం మారవు. అందుకని డెబియన్ వాళ్లు వందలకొద్దీ లైబ్రరీ ప్యాకేజీల పేర్లకు టీ64 తగిలించారు. 64 బిట్ల మిషన్లలో ఏమీ మారకపోయినా, పేరు అన్ని మిషన్లకూ ఒకటే కాబట్టి అక్కడా పేరు మారింది. అక్కడ పాత పేరును కూడా ఆ ప్యాకేజీయే అందిస్తున్నట్టు రాసి, దారి మూయకుండా చూశారు. సరిగ్గా ఆ పని మధ్యలో, మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి బయటపడింది. వెంటనే పాత కోడ్‌కు మళ్లించారు. కానీ వెర్షన్ వెనక్కి వెళ్తే ఎవరి మిషనూ దాన్ని అప్‌డేట్‌గా తీసుకోదు. అందుకే 5.6.1+రియల్లీ5.4.5-1 అని పెట్టారు. అప్‌గ్రేడ్ చేసేవాడికి ముందుకు వెళ్తున్నట్టు, చదివేవాడికి లోపల నిజంగా ఏముందో తెలిసేట్టు. చూడ్డానికి పొడుగే. ఇంత నిజాయితీగా రాసిన వెర్షన్ నేను చూడలేదు. ఈ పనులు చేసినవాళ్లలో నా పిల్లల వయసువాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను చూసి మిగతావాళ్లు నేర్చుకోవాలి.

అన్నీ మా రోజుల్లోనే బాగున్నాయని నేననను. అప్పట్లో సింబల్ పోయిందో లేదో కంటితో చూసుకునేవాళ్లం. 2009 నాటి డెబియన్ లెన్నీకల్లా సింబల్స్ ఫైళ్లు వచ్చాయి. ఏ ఫంక్షన్ ఏ వెర్షన్‌లో చేరిందో అందులో ఉంటుంది. ఒక్కటి మాయమైనా ప్యాకేజీ కట్టడమే ఆగిపోతుంది. ఏ లైబ్రరీ మారితే ఏ ప్యాకేజీలు మళ్లీ కట్టాలో ఇప్పుడు రిలీజ్ టీమ్ పట్టికలు వాటంతటవే చూపిస్తాయి. అబిడిఫ్ నడిపితే పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ తేడాలన్నీ వరసగా చెప్తుంది. ఇలాంటి పనిముట్లు మాకుంటే ఎగిరి గంతేసేవాళ్లం. అందుకే నా కోపం. సాధనాలు లేనప్పుడు చేసిన పనిని, సాధనాలన్నీ చేతిలో ఉండి చేయకపోవడానికి కారణమేంటి?

లైబ్రరీ రాసే ప్రతి ఒక్కరినీ ఒక్కటే అడుగుతాను. విడుదల చేసే ముందు అబిడిఫ్ నడపండి. ఏమీ చెడగొట్టకపోతే సోనేమ్ ముట్టుకోకండి. చెడగొట్టక తప్పకపోతే అంకె మార్చండి, మార్చామని చెప్పండి. వాడుకునేవాళ్లూ అంతే. లైబ్రరీని కడుపులో దాచుకునే ముందు, రేపు దాంట్లో లోపం దొరికితే ఎవరు దిద్దుతారో ఒక పేరు రాసిపెట్టండి. రాయడానికి పేరు దొరక్కపోతే సిస్టంలో ఉన్న లైబ్రరీనే వాడండి. దాని వెనక ఒక మెయింటెయినర్ ఉన్నాడు, ఒక భద్రతా బృందం ఉంది, పేరు చివర ఒక అంకె ఉంది.